ఎదుటి ఒళ్ళు

"ఒబేసిటీ పార్ట్ నాకే ఎందుకిచ్చావే? లావుగా ఉన్నాననేగా!"

నీలిమ గొంతుకు పక్క టేబుల్ వాళ్ళు తిరిగి చూశారు. పెండిల్ హిల్ అనే పేటలో కళావతి ఆంటీ నడిపే టిఫిన్ సెంటర్ అది. నీలిమ, జాక్లిన్ యూనివర్సిటీలో ఒకే క్లాసు. ఇమ్యూన్ సెల్స్ మీద ఇద్దరూ కలిసి ఇవ్వాల్సిన ప్రెజెంటేషన్ రేపే.

"ఛ, అదేం మాటే? నువ్వయితే బాగా ఎక్స్‌ప్లెయిన్ చేస్తావని ఇచ్చాను" అంది జాక్లిన్. "ఏదీ, ఒకసారి చెప్పు, వింటాను."

నీలిమ తన పొట్ట మీద చెయ్యి వేసుకుంది.

"ఏముంది? కొవ్వు కణాలు ఉబ్బిపోయి చచ్చిపోతుంటే క్లీన్ చేద్దామని ఇమ్యూన్ సెల్స్ వస్తాయి. వచ్చినవి పోవు. అక్కడే తిష్ట వేసి ఏవేవో కెమికల్స్ వదులుతాయి. ఇంక ఇన్సులిన్ ఎంత మొత్తుకున్నా లివర్ వినదు, కండరాలు వినవు. షుగర్ రక్తంలోనే ఉండిపోతుంది. పోయిన వారం నా బ్లడ్ టెస్ట్ చూసి డాక్టర్ చెప్పింది కూడా ఇదే. ఇప్పుడు అందరి ముందూ నిలబడి నా గొడవే నేను చెప్పుకోవాలా?"

ఆంటీ అప్పుడే పెట్టి వెళ్ళిన గులాబ్‌జామూన్ గిన్నెను జాక్లిన్ తన దగ్గరికి లాక్కుంది.

నీలిమకు ఒళ్ళు మండిపోయింది. తన ముందున్నది చక్కెర లేని టీ. జాక్లిన్ మాత్రం ఏం తిన్నా ఆ నడుము అలాగే ఉంటుంది. క్లాసులో అచ్యుత్ కూర్చోమని కుర్చీ లాగేది ఆమెకే. నీలిమతో అయితే "జిమ్‌లో చేరొచ్చుగా" అంటాడు.

చటుక్కున జాక్లిన్ ముందున్న గిన్నె లాగేసుకుంది.

"ఇటివ్వవే" అంది జాక్లిన్.

"ఇవ్వను. ఒక్కరోజు నోరు కట్టుకుని చూడు. ఎలా ఉంటుందో తెలుస్తుంది."

"ఆటలొద్దే. ప్లీజ్, ఇటివ్వు." జాక్లిన్ చాచిన చెయ్యి వణుకుతోంది. నుదుటి మీద చెమట పట్టింది.

"జామూన్ కోసం ఇంత వణుకా! ఏం తిండిపోతువే!" నీలిమ గిన్నెను ఇంకాస్త దూరం జరిపింది. ఈ రెండేళ్ళ స్నేహంలో మొదటిసారి ఆమెకు చాలా హాయిగా అనిపించింది.

జాక్లిన్ ఏదో అనబోయింది. మాట ముద్దగా వచ్చింది. అలాగే గోడ మీదికి ఒరిగిపోయింది.

కళావతి ఆంటీ జ్యూస్ గ్లాసుతో పరుగెత్తుకొచ్చి ఆమె తల పట్టుకుంది. "గుక్క గుక్కగా తాగమ్మా. షుగర్ డౌన్ అయిపోయింది. ఇందాక నా ముందేగా ఇన్సులిన్ ఇంజెక్షన్ చేసుకున్నావు, తినకుండా ఈ కబుర్లేంటి?"

నీలిమ కొయ్యబారిపోయింది. కాసేపటికి జాక్లిన్ ముఖంలోకి రంగు వచ్చింది.

"టైప్ వన్ డయాబెటిస్" అంది మెల్లగా. "నా ఇమ్యూన్ సెల్స్ ఇన్సులిన్ తయారుచేసే కణాల్నే చంపేశాయి. చిన్నప్పుడే."

"ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదే?" నీలిమ ఏడ్చేసింది.

జాక్లిన్ ఆమె కళ్ళలోకి చూడలేకపోయింది.

"నీ ఒంట్లో ఎవరు విన్నా వినకపోయినా నీకు సూది లేకుండా ఇన్సులిన్ ఊరుతోంది కదే. నిన్ను చూస్తే నాకెంత కుళ్ళో నీకెలా చెప్పను?"