పసుపునీళ్ళ డిస్కు

పోయినవాళ్ళ ఫొటోలకు బదులు వాళ్ళు మాట్లాడే డిస్కులు ఇంటింటా పెట్టుకుంటున్న రోజులివి. పెద్దలకు బియ్యమిచ్చే పెత్రమాస మర్నాడు సంపూర్ణ తన తల్లి డిస్కును నా రిపేరు షాపుకు తెచ్చింది. తెరుచుకోవడం లేదట.

"పసుపునీళ్ళతోని కడిగినవా?"

"కడగకుంట బియ్యం ముందట ఎట్ల పెడ్తం అన్నా?"

"నీళ్ళు తగిల్తె డిస్కు ఖరాబైతదని ఏడో తరగతిల బడి ఇడిసిపెట్టినోన్ని, నాకే ఎరుక. నువ్వు కాలేజీల పాఠాలు చెప్తవు!"

మూడు రోజులు కుస్తీ పట్టాను. ఇరవై ఏళ్ళ మాటల్లో ఒక్క ఫైలే మిగిలింది. అందులో మాట లేదు, ఆసుపత్రి మంచం మీది దగ్గు మాత్రమే ఉంది. చెరిపేసి ఏమీ దొరకలేదని చెబుదామనుకున్నాను. చెయ్యి రాలేదు. వినిపించాను.

దగ్గు ఆగకుండా వస్తుంటే సంపూర్ణ గబగబా బ్యాగులోంచి సీసా తీసింది.

"జరన్ని నీళ్ళు తాగవే అమ్మా," అంటూ మూత తిప్పింది.