ఎర్ర పోగు, పచ్చ పోగు

“మా ఇంట్లో అయిదు ఎర్ర పోగులూ మీవే సార్. రాసి పెట్టుకోండి,” అన్నాడు ఎల్లప్ప, చర్చి మెట్ల దగ్గర చెప్పులు విడుస్తూ.

మనోహర్ నవ్వాడు గానీ, చేతిలోని కాగితాలు నాలుగోసారి విప్పి చూసుకున్నాడు. ధర్మవరం మగ్గాల పేటలోని ఆ చిన్న చర్చికి ఇవాళ, ఆదివారం ఆరాధన అయ్యాక, కొత్త సంఘ పెద్దను ఎన్నుకోవాలి. పోటీలో ఇద్దరే. రోజూ రైల్లో హిందూపురం పోయి కాలేజీలో ఇంగ్లీషు చెప్పొచ్చే మనోహర్ ఒకరు. సుత్తి భుజాన వేసుకుని పెనుకొండ వైపు పట్టాలు చూసుకుంటూ నడిచే రైల్వే కీమ్యాన్ వెంకటేశులు ఇంకొకరు. ఇప్పటికే రెండుసార్లు నిలబడి ఓడాడు మనోహర్. మూడోసారీ ఓడితే ఈ పేటలో తలెత్తుకుని తిరగలేనని పొద్దున్నుంచీ భార్య ప్రత్యూషతో అంటూనే ఉన్నాడు.

“కాసేపు కూర్చోండి. మీరట్లా తిరుగుతా ఉంటే చూసేవాళ్లకు కళ్లు తిరుగుతాండాయి,” అంది ప్రత్యూష.

“నువ్వు ఏ పోగు వేస్తావు?”

“అది అడగకూడదు గదా!”

నిజమే, అడగకూడదు. ఆ చర్చిలో ఓటు కాగితం మీద వేయరు. పెద్దవాళ్లలో సగం మందికి రాయడం రాదు, పట్టుపోగు తెలియనివాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. పోటీ చేసేవాళ్లతో సహా అందరికీ జానెడు ఎర్ర పోగు, జానెడు పచ్చ పోగు ఇస్తారు. ఎర్రది మనోహర్‌కి, పచ్చది వెంకటేశులుకి. తెర వెనక్కి పోయి కావలసినది కానుక సంచిలో వేసి, రెండోది ఎవరికీ చూపకుండా ఇంటికి తీసుకుపోవాలి.

ఆరాధన ముగిశాక పాస్టరు అయ్యగారు ఇద్దరినీ మాట్లాడమన్నారు. వెంకటేశులు లేచి తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

“నాకు మాట్లాడేది రాదు. వానొస్తే అయ్యగారి నెత్తిన కారతాండాది. వానల్లోగా రేకులు మార్పిస్తా. అంతే.”

మనోహర్ లేచాడు. ఒకప్పుడు పెద్ద చదువు కోసం రెండేళ్లు కష్టపడి రాసిన విషయమే అది. కాగితాలు చూడాల్సిన పని లేదని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“పాతకాలపు రోమన్ల కావ్యంలో ఒక వీరుడున్నాడు. ఊరు తగలబడుతుంటే ముసలి తండ్రిని భుజాల మీద మోసుకుని బయటపడ్డాడు. మిగిలినవాళ్లను వెంటబెట్టుకుని సముద్రాలు దాటాడు. గొప్పవాడే! కానీ అతను ముందు నడిచాడు, జనం వెనక నడిచారు. కొత్త నేల మీద అడ్డొచ్చినవాళ్లపై కత్తి దూశాడు. మరి మన ప్రభువు? నడుముకు తువ్వాలు కట్టుకుని శిష్యుల కాళ్ల దగ్గర కూర్చున్నాడు. సంఘ పెద్దకు కావలసింది భుజబలమా, కాళ్లు కడిగే మనసా? మీరే చెప్పండి.”

భుజబలం అన్నప్పుడు అతని చూపు వెంకటేశులు మీదికి పోయింది. అందరూ చప్పట్లు కొట్టారు.

“కాళ్లు కడిగేదంటే గుర్తొచ్చింది సార్!” ఎల్లప్ప హుషారుగా లేచాడు. “మంచి శుక్రవారం ముందురోజు అయ్యగారికి జ్వరమొస్తే మా పన్నెండు మంది కాళ్లూ మీరే కడిగినారు గదా. మేమంతా ఇండ్లల్లోనే సబ్బేసి రుద్దుకొని వచ్చినాం. మీ చేతులకు మురికి అంటకూడదని!”

చర్చంతా ఘొల్లుమంది.

“వెంకటేశులొక్కడే డ్యూటీ దిగి నల్లకాళ్లతో అట్లే వచ్చె,” అంది ముందు వరసలోని హనుమంతమ్మవ్వ. “సారు వాన్ని కొళాయి దగ్గరికి పంపించె గదా, కడుక్కొని రా, అప్పుడు కడుగుతానని!”

నవ్వు రెండింతలైంది. మనోహర్ ముఖంలో మాత్రం నెత్తురు చుక్క లేదు.

“ఊరుకో అవ్వా,” అన్నాడు వెంకటేశులు. “కాళ్లకు గ్రీజుండె. బేసిన్లో నీళ్లు నల్లగయితే నా వెనకాల వాళ్లకెట్లా? సారు చేసిందే రైటు.”

ఒక్కొక్కరే తెర వెనక్కి పోయి వచ్చారు. మనోహర్ వంతు వచ్చింది. బయట ఎవరో దగ్గేదాకా అతను లోపలే ఉండిపోయాడు. వచ్చి కూర్చున్నాక కూడా కాలు ఆడిస్తూనే ఉన్నాడు.

అయ్యగారు తెల్లగుడ్డ మీద సంచి కుమ్మరించారు. పచ్చని కుప్ప. వేళ్లతో కెలికి కెలికి చూసి గొంతు సవరించుకున్నారు.

“పచ్చవి అరవై మూడు. ఎర్రది... ఒకటి.”

“సారు పోగు సారుకే పడిండాది పాపం,” అని వెనక వరసలో ఎవరో అన్నారు. కిసుక్కుమని నవ్వులు. ఎల్లప్ప గోడ మీది గడియారం వైపు చూస్తున్నాడు.

మనోహర్ లేచి మెట్ల మీదికి వచ్చేశాడు. వెనకే వచ్చిన ప్రత్యూష కాసేపు కొంగు మెలిపెట్టింది.

“నాదీ పచ్చదేనండీ. ఆ కొళాయి మాట ఇంతవరకూ నాకు తెలీదు. వినినాక చెయ్యి రాలేదు.”

అతను కింది మెట్టు మీద కూర్చున్నాడు.

“పోనీండి, మీదన్నా మీకు పడింది. లేకుంటే ఇంకా సిగ్గయ్యేది.”

మిగిలిన పోగు దాచుకున్న పిడికిలిని మనోహర్ ఇంకాస్త బిగించాడు.

ఇంతలో మెళ్లో దండతోనే వెంకటేశులు బయటికొచ్చాడు. అటూ ఇటూ చూసి మనోహర్ పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు.

“వాళ్ల మాటలు పట్టించుకోవద్దు సార్. ఆ ఎర్ర పోగు నాది.”