ఆ జీర

"కట్! రాలేదు. మళ్ళీ."

అద్దానికి అటువైపు, మైకు ముందు నిలబడ్డ అమ్మాయి హెడ్‌ఫోన్స్ ఒక చెవి మీంచి పక్కకి జరిపింది. "ఏది రాలేదు మాస్టారూ?"

"జీర." మ్యూజిక్ డైరెక్టర్ బటన్ నొక్కి ఆమె చెవిలో పడేట్టు చెప్పాడు. "శ్రుతి ఉంది, తాళం ఉంది, ఊపుంది. జీర లేదు. అది లేకపోతే ఈ పాట ఎవరిక్కావాలి?"

ఆ పాట పాతికేళ్ళుగా జనాన్ని పట్టుకుని వదలడంలేదు. 'ఉండు ఉండు ఉండవోయ్, ఒక్క నిమిషం ఉండవోయ్' అని మాటలు రాని పిల్లలు కూడా కూనిరాగం తీస్తారు. వరసగా వచ్చే ఆ మూడు ఉండుల్లో మూడోదాని దగ్గర గొంతు ఒక్క క్షణం జీరబోయి, అంతలోనే లేచి దరువందుకుంటుంది. జనం పడి చచ్చింది అక్కడే. తర్వాత ఎంతమంది పాడలేదు! ఓ గడ్డం కుర్రాడు గిటారు పట్టుకుని జోలపాటలా సాగదీశాడు. సబ్బు ప్రకటనకి ఓ జంట పాడింది. ఇంకొకాయన మధ్యలో గడగడా మాటలు దొర్లించి, జిమ్ముల్లో వేసుకునే పాటగా మార్చేశాడు. అన్నీ బాగానే ఆడాయి. అన్నిటి కిందా జనం రాసింది మాత్రం ఒకటే మాట: అసలు పాట ముందు ఇది దిగదుడుపు.

అసలు పాట పాడింది ఈ అమ్మాయి తల్లి. బాణీ కట్టింది ఈ డైరెక్టరే. ఇప్పుడు కూతురి చేత పాడిస్తున్నానని ఇప్పటికే అందరికీ చాటేశాడు.

"మీ అమ్మ ఒక్క టేకులో ఇచ్చేసింది," అన్నాడు.

"అమ్మ అమ్మే కదండీ." ఆ అమ్మాయి నవ్వబోయింది. వారం నుంచీ ఆస్పత్రిలో తల్లి మంచం పక్కన కుర్చీలోనే నిద్ర. కళ్ళ కింద నల్లగా చారలు కట్టాయి. "పొద్దున నేను రానన్నాను మాస్టారూ. అమ్మే తరిమింది. 'నా పాటని అందరూ కలిసి ఉతికి ఆరేశారు, నువ్వైనా శుభ్రంగా పాడి పట్రావే, వింటాను' అంది."

"అయితే పాడి పట్టుకెళ్ళు. నేను నిన్ను ఏడవమనట్లేదు. ఒక్క చోట గొంతులో ముల్లు దిగాలి. అంతే."

పాడింది. మూడో ఉండు దగ్గర కావాలని గొంతు వణికించింది.

డైరెక్టర్ నుదురు కొట్టుకున్నాడు. "అది జీర కాదు తల్లీ, జలుబు. మళ్ళీ."

మళ్ళీ పాడింది. ఈసారి మేకపిల్ల అరిచినట్టుందన్నాడు. ఆ తర్వాతి టేకుకి తల అడ్డంగా ఊపాడు. అమ్మాయి కిందపెదవి కొరుక్కుంటూ గోడవైపు తిరిగింది.

పక్కన కూర్చున్న సౌండ్ ఇంజినీరుకి జాలేసింది. "సార్, పాత పాటలోంచి ఆ ముక్క కోసి అతికించేస్తాను. ఎవడూ కనిపెట్టలేడు."

"నేను కనిపెడతాను," అన్నాడు డైరెక్టర్. బటన్ నొక్కాడు. "అమ్మాయ్, ఆఖరిసారి. చెవిలో ఏం వినబడినా సరే, పాట ఆపకు. ఆపావో, రేపట్నుంచి ఆ మైకు ముందు ఇంకొకరుంటారు."

దరువు మొదలైంది. ఆమె భుజాలు కదిలిస్తూ ఊపిరి తీసుకుంది. పల్లవి అందుకోబోయే ముందున్న చిన్న ఖాళీలో డైరెక్టర్ మైకు మీదికి వంగాడు.

"మీ అమ్మ పోయిందమ్మా."

ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. నోరు మాత్రం అలవాటుకొద్దీ పాడేసింది. ఉండు, ఉండు... మూడోదాని దగ్గర గొంతు నిలువునా చీలింది. చీలి, ఎక్కడినుంచో లేచి దరువు మీద వాలింది. ఇంజినీరుకి చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

"ఓకే! అదీ!" డైరెక్టర్ కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు.

అమ్మాయి తలుపు తోసుకుని వచ్చిపడింది. "మాస్టారూ... అది... పాట కోసమే కదూ అన్నారు? కదూ?"

డైరెక్టర్ ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత పకపకా నవ్వాడు. "మరి! అలా అనకపోతే వస్తుందిటే పిచ్చిపిల్లా అది?"

ఆమె అక్కడే కూలబడింది. రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. "పైప్రాణాలు పైనే పోయాయండీ. మీకు పుణ్యముంటుంది, ఇంకెప్పుడూ అలా అనకండి."

ఇంజినీరు టేకు వేసి వినిపించాడు. వింటూ వింటూ ఆమె మొహం విచ్చుకుంది.

"అచ్చం అమ్మే! సాయంత్రం వినిపిస్తే మంచం మీద లేచి కూర్చుంటుంది చూడండి."

"వినిపిద్దువుగానిలే. ముందు చరణం కానిచ్చేయ్. ఇదే ఊపులో."

ఆమె మంచినీళ్ళు తాగి, ముక్కు తుడుచుకుని, పరుగులాంటి నడకతో లోపలికెళ్ళింది. అల్లరి చరణం అది. మాట మాటకీ నవ్వు తన్నుకొస్తోంది ఆమెకి. ప్రాణం లేచొచ్చిన మనిషి నవ్వు. అది పాటలోకి జారి, పాట మెరిసిపోతోంది.

ఇంజినీరు ఉండబట్టలేకపోయాడు. "సార్, పాట అద్భుతంగా వస్తోంది, కాదనను. కానీ కన్నతల్లి పోయిందని అంత అబద్ధం ఆడటం..."

"ష్." డైరెక్టర్ కళ్ళు మూసుకుని తొడ మీద తాళం వేస్తున్నాడు. "అది అబద్ధం కాదు. ఇందాక నువ్వు టీకి వెళ్ళినప్పుడు, అమ్మాయి ఫోను ఎత్తట్లేదని వాళ్ళ పిన్ని నాకు చేసి చెప్పింది."

ఇంజినీరు చెయ్యి మీట మీద ఆగిపోయింది.

"అబద్ధం తర్వాత ఆడాను," అన్నాడు డైరెక్టర్. "చరణం నవ్వుతూ పాడాలి కదా."