ఎమ్మారై వంతు

ఎల్బీనగర్ చౌరస్తాలో, సకల జనుల సమ్మె టెంటు కింద, "జై తెలంగాణ" అంటూ చెయ్యెత్తబోయిన సిద్ధిరాములు నొప్పితో కూలబడిపోయాడు.

కుడి భుజం లేవడం లేదు.

రోజంతా చీరల మడతలు విప్పి చూపిస్తేనే బట్టల షాపులో జీతం. చెయ్యి పడిపోతే ఇల్లెలా గడుస్తుంది?

భార్య లింగమ్మ ఆటోలో దిల్‌సుఖ్‌నగర్ స్కానింగ్ సెంటరుకు తీసుకొచ్చింది.

"ఎక్స్‌రేల ఎముక మంచిగనే ఉంది," అన్నాడు డాక్టర్ శ్రీధర్. "అల్ట్రాసౌండ్‌ల కండ తెగినట్టు కనబడ్తుంది గని, ఎంత తెగిందో తెలుస్తలేదు. ఎమ్మారై తీస్తేనే ఆపరేషన్ కావాల్నో, కసరత్తు చాల్నో తేలుతది. ఆలస్యమైతే మళ్ల అతకదు."

ఎమ్మారై గది ముందు ఒక పెద్దాయన కుడి భుజం పట్టుకుని కూర్చున్నాడు. తర్వాతి వంతు ఆయనదే.

"సమ్మెతోని కరెంటు కోతలు, ఇంకో గంటల కరెంటు పోతది. జనరేటర్ మీద గీ మిషన్ నడువదు. ఇంకొక్కరికే టైముంది," అంది నర్సు రాణి.

లింగమ్మ కళ్లు తుడుచుకుంది.

"ముందు ఆయన్ని పంపండమ్మా. నాది తర్వాత చూసుకోవచ్చులెండి," అన్నాడు పెద్దాయన.

ఆ యాస చెవిన పడగానే సిద్ధిరాములు మొహం మాడ్చుకున్నాడు.

"ఆంధ్రోళ్ల మెహర్బానీ మాకేం అక్కర్లేదు."

"జర ఊకో!" లింగమ్మ గదిమింది.

పెద్దాయన నవ్వాడు. "కోపం తర్వాత పడుదురుగాని. ముందు వెళ్లండి బాబూ."

సిద్ధిరాములు లోపలికి నడిచాడు. బయటికి వచ్చేసరికి కరెంటు లేదు, పెద్దాయనా లేడు.

కండ పూర్తిగా తెగిందని తేలింది. వెంటనే ఆపరేషన్ చేశారు. చెయ్యి నిలబడింది.

తెలంగాణ వచ్చింది. మెట్రో వచ్చింది. ఆ చౌరస్తా దాటినప్పుడల్లా సిద్ధిరాములుకు ఆ రోజులే గుర్తొస్తాయి. వాన పడినా కదలని జనం, గొంతులు బొంగురుపోయేదాకా పాటలు, ఊరూ పేరూ అడగకుండా ఒకే చాప మీద సర్దుకున్న మనుషులు.

ఒకనాడు చైతన్యపురిలో ఓ మెస్సులో భోజనానికి కూర్చున్నాడు. గోడ మీద దండ వేసిన ఫోటో. ఆ పెద్దాయనే!

"ఈయన..."

"మా ఆయనండి, జోగారావు గారు. ఏలూరు నుంచి వచ్చి ఈ మెస్సు పెట్టారు. పోయి రెండేళ్లయిందండి," అంది వడ్డిస్తున్న వెంకాయమ్మ.

"అప్పట్ల స్కానింగ్ సెంటర్ల చూసిన ఆయన్ని. భుజం మంచిగైందా అమ్మా?"

"ఎక్కడండీ! మళ్లీ స్కానింగుకు వెళితే కదా. ఆ చెయ్యి ఇక లేవనేలేదు."

సిద్ధిరాములు ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

"అంత పెద్ద దెబ్బ ఎట్ల తగిలిందమ్మా?"

"దెబ్బ కాదండి. ఎల్బీనగర్ సమ్మె టెంటులో ఎవరూ ఆకలితో కూర్చోకూడదని, పేరు చెప్పకుండా, రోజూ గుండిగలకొద్దీ పులిహోర ఆ చేత్తోనే కలిపి పంపేవారండి."