నిండుకుండల క్యూ

ఆమె కూర్చోలేక నిలబడింది. నిలబడలేక మళ్లీ కూర్చుంది. ఏం చేసినా ప్రాణం మాత్రం అక్కడే వేలాడుతోంది.

ఆస్పత్రిలో ఆడవాళ్ల విభాగం అది. స్కానింగ్ గది ముందున్న వరండా నిండా జనం. కడుపు స్కానింగ్ కదా, నీళ్లు బాగా తాగి, ఆపుకుని కూర్చోవాలి. అందరూ తాగారు. అందరూ ఆపుకున్నారు. ఎవరూ నవ్వడం లేదు. తుమ్మొస్తే ముక్కు పట్టుకుని మింగేస్తున్నారు. పక్కవార్డులో ఎవరైనా కుళాయి తిప్పితే చాలు, వరండా మొత్తం ఒక్కసారిగా కాళ్లు దగ్గరికి లాక్కుంటోంది.

ఆమె అందరికంటే ఆలస్యంగా వచ్చింది. దారిలో బస్సు చెడిపోయింది. ఆ ఎండలో, ఆ కంగారులో, బ్యాగులో ఉన్న పెద్ద సీసా మొత్తం ఖాళీ చేసేసింది. నీళ్లు బాగా తాగాలన్న మాటని తు.చ. తప్పకుండా పాటించే మనిషి. ఇప్పుడు ఆ మంచి బుద్ధినే తిట్టుకుంటోంది.

ఆమె వరండాలో అడుగుపెట్టేసరికి అక్కడ సభ నడుస్తోంది. డాక్టరమ్మ ఇంకా రాలేదట. కొత్తావిడ కదా, ఇంట్లో హాయిగా టిఫిన్ తింటూ ఉంటుందని ఒకావిడ అంది. రాగానే రెక్క పట్టుకుని గదిలో కూర్చోబెట్టాలి, అందరికీ అయ్యేదాకా పక్కకి కదలనివ్వకూడదని ఇంకొకావిడ తీర్మానించింది. ముందు రెండు సీసాలు తాగించి అప్పుడు కూర్చోబెట్టాలని మూడో ఆవిడ సవరణ పెట్టింది. సవరణకి అందరూ చేతులెత్తారు, జాగ్రత్తగా.

వరండా చివర బాత్రూం ఉంది. దానికి అడ్డంగా కుర్చీ వేసుకుని ఆయమ్మ కూర్చుంది. తాళంచెవి ఆమె గుప్పిట్లో ఉంది. కిందటివారం ఎవరో ఆగలేక వెళ్లొచ్చారట. స్కానింగులో ఏమీ కనబడక, మళ్లీ తాగి, మళ్లీ కూర్చుని నానా యాతన పడ్డారట. అప్పట్నుంచి ఆయమ్మ అక్కడ కాపలా. కాయమని ఎవరూ చెప్పలేదు, ఆవిడకే తోచింది.

ఆమె నేరుగా అటే నడిచింది.

"స్కానింగ్ అయ్యాకే," అంది ఆయమ్మ తల ఎత్తకుండా.

"నాది స్కానింగ్ కాదమ్మా."

"పొద్దున్నుంచి నలుగురు చెప్పారా మాట. వెళ్లి కూర్చో."

ఆమె ఇంకేదో అనబోయి వెనక్కి చూసింది. వరండా అంతా గుడ్లప్పగించి తనవంకే చూస్తోంది, ఈవిడ వెళ్తే మేమూ వెళ్తామన్నట్టు. ఇక నోరెత్తలేదు. మెట్లు దిగి కింద అంతస్తులో వెతికింది. అక్కడి బాత్రూం తలుపుకి ‘మరమ్మతులో ఉంది’ అని అట్టముక్క వేలాడుతోంది. దిగడం ఒక ఎత్తు, ఆ మెట్లు మళ్లీ ఎక్కడం ఒక ఎత్తు.

వచ్చి బెంచీ చివర కూలబడింది. పక్కన ఒక పెద్దావిడ, ఆవిడ పక్కన కోడలు. పెళ్లయిన చాన్నాళ్లకి ఆ కోడలికి విశేషం. లోపలి బిడ్డ గుండె కొట్టుకుంటోందో లేదో ఇవాళ చూస్తారట. పాపం, ఆ పిల్ల కళ్లు మూసుకుని కూర్చుంది.

"నీకు మొదటిసారా తల్లీ?" అంది పెద్దావిడ.

"అవునండీ. ఈ ఆస్పత్రికి ఇదే రావడం."

"భయమేస్తోందా?"

"ఇందాకటిదాకా లేదండీ. ఇప్పుడు బాగా వేస్తోంది."

పెద్దావిడకి జాలేసింది. తన సీసా మూత తీసి, ఇంకో గుక్క తాగితే బొమ్మ ఇంకా బాగా కనబడుతుందని అందించింది. ఆ సీసా చూడగానే ఆమెకి కళ్లనీళ్లు తిరిగాయి. ఆ వరండాలో బయటికి రావడానికి అనుమతి ఉన్న నీళ్లు అవొక్కటే.

బ్యాగులో ఫోను మోగింది. ఆమె తీసి చూసి, గతుక్కుమని, కట్ చేసి లోపల పడేసింది.

ఇక పెద్దావిడ ఊరుకోలేదు. లేచి నిలబడి సభనుద్దేశించి మాట్లాడింది. మొదటి నంబరు తన కోడలిదేననీ, దాన్ని ఈ పిల్లకి ఇచ్చేస్తున్నాననీ చెప్పింది. ఎవరో గొణిగారు.

"గొణక్కండి. ఈ పిల్ల దగ్గర గండి పడిందంటే మనలో ఒక్కరూ ఆగరు."

ఆ మాట అందరికీ నచ్చింది. ఆయమ్మ కూడా కాదనలేక స్కానింగ్ గది తలుపు తెరిచింది.

"మంచం మీద పడుకో. డాక్టరమ్మ రాగానే ముందు నీకే. లోపల బాత్రూం ఉంది, అది డాక్టరమ్మది. అటు కన్నెత్తి చూశావా, ఊరుకోను."

ఆమె బుద్ధిగా తలూపింది. పెద్దావిడ చెయ్యి ఒకసారి గట్టిగా నొక్కి, బ్యాగు గుండెలకి హత్తుకుని, లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

కాసేపు చడీచప్పుడూ లేదు. తర్వాత లోపల్నుంచి ఫ్లష్ చప్పుడు వినబడింది. పెద్దగా, తీరుబడిగా, ఎంతకీ ఆగకుండా. వరండాలో అందరూ పళ్లు బిగించి కళ్లు మూసుకున్నారు.

"కొంప ముంచింది," అంది పెద్దావిడ. నమ్మి కోడలి వంతు ఇచ్చినందుకు ఆవిడకి ఏడుపొక్కటే తక్కువ. ఇప్పుడా పిల్ల మళ్లీ మొదట్నుంచీ తాగాలి. నిండేదాకా ఆ మంచం ఖాళీ కాదు. కోడలు కళ్లు తెరిచి అత్తగారివంక ఒక చూపు చూసింది.

ఆయమ్మ కుర్చీ వెనక్కి తన్ని లేచింది. ఆవిడ వెనకే మిగతా అందరూ కదిలారు. పరిగెత్తే వీల్లేదు కనక చిన్న చిన్న అడుగులేసుకుంటూ వెళ్లి, తలుపు ముందు కట్టగట్టుకుని నిలబడ్డారు. ఆయమ్మ తలుపు బాదడానికి చెయ్యెత్తింది.

అంతలో తలుపు దానంతటదే తెరుచుకుంది.

"పెద్దమ్మగారూ, మీ కోడల్ని ముందు పంపండి, బిడ్డ గుండె సంగతి చూద్దాం," అంటూ ఆమె బ్యాగులోంచి తెల్లకోటు తీసి తొడుక్కుంది.