రెండో పిడి

ఆ రోజు ఇంట్లో మంచం మీద నాన్న, ఆయన కాళ్ల దగ్గర అమ్మ, ఉన్న ఒక్క కుర్చీలో లాయరమ్మ, కిటికీకి ఆనుకుని ముందురోజే పొరుగూరి నుంచి దిగిన మామయ్య, వంటగదిలో టీ కాస్తున్న పిల్ల ఉన్నారు.

"నేనే కట్టాను," అన్నాడు నాన్న మళ్లీ. ఆయన ఎడమచెయ్యి దిండు మీద ఉంది. మణికట్టు దాటాక బ్యాండేజీ కింద ఏమీ లేదు.

"నిదానంగా ఆలోచించండన్నా," అంది లాయరమ్మ. "అట్టలు కోసే మిషనుకు రెండు పిడులు. రెండు చేతులతో రెండూ లాగితేనే కత్తి దిగాలి. పని తొందరగా తెమలాలని ఒక పిడిని ఎవరో లాగి కట్టేసి ఉంచారు. మీరు చూసుకోకుండా ఎడమచేత్తో అట్ట సర్దబోయారు, కుడిచెయ్యి రెండో పిడిని లాగేసింది. అంతే కదా?"

"అంతే. కట్టింది మాత్రం నేనే."

"మీరే కట్టుకుంటే నష్టపరిహారం రాదు. ఓనరుకు జాలేస్తే ఆసుపత్రి ఖర్చు ఇస్తాడు. అదే ఇంకొకరు కట్టారంటే లేబర్ ఆఫీసులో దరఖాస్తు పెడతాను. అక్కడ కాదంటే కోర్టుకు ఈడుస్తాను. బతికినంతకాలం నెలనెలా వచ్చేలా చూస్తాను."

"మరి ఆ కట్టినవాళ్లను?"

"పనిలోంచి తీసేస్తారు. కేసు కూడా పెడతారు. మీ చెయ్యి పోగొట్టినవాళ్లు ఏమైపోతే మీకెందుకు?"

నాన్న గోడవైపు తిరిగాడు.

మామయ్య ఇక ఆగలేకపోయాడు. "నీ బూట్ల తాళ్లు కూడా మా అక్కే కడుతుంది కదా బావా! ముడి వెయ్యడం నీకెప్పుడొచ్చిందయ్యా? అక్కా, నువ్వైనా చెప్పవే. నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయా?"

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వంటగదిలో పిల్ల అంతా వింటోంది. అమ్మ సంగతేమిటో ఆమెకూ అర్థం కావడం లేదు. పొద్దున్న "రెండో రిబ్బను కనపడటం లేదమ్మా, ఒక్క జడే వెయ్యి," అన్నందుకు వీపు మీద ఒక్కటిచ్చింది. కొట్టి, మళ్లీ తనే పిల్లను పట్టుకుని ఏడ్చింది.

"పోనీ, మీకు ముందు షిఫ్టులో ఆ మిషను మీద ఎవరున్నారు?" లాయరమ్మ గొంతు.

"గుర్తులేదు."

పిల్ల ఉలిక్కిపడింది. గుర్తులేకపోవడమేమిటి? రోజూ మధ్యాహ్నం గంట కొట్టగానే అమ్మ లేచిన స్టూలు మీదే కదా నాన్న కూర్చునేది! నొప్పికి వేసే సూదిమందుతో మతిమరుపు వస్తుందని పక్కింటి అత్త అంది. పాపం నాన్నకు అదే వచ్చినట్టుంది.

కొత్తవాళ్లు పేరడిగినా తల దించుకునే పిల్ల అది. అయినా నాన్న కోసం ఒక్క మాట చెప్పలేనా అని గుండె చిక్కబట్టుకుంది. ఒంటిజడ ముందుకు వేసుకుని, టీ గ్లాసులు పట్టుకుని గడప దాకా వచ్చింది.

లాయరమ్మ ఆమెను చూడలేదు. వంగి సంచీలో వెతుకుతోంది. "ఆ పిడికి కట్టినదాన్ని మీ తోటి పనివాడు ముడి విప్పకుండా కోసి నాకు తెచ్చిచ్చాడు. చూడండన్నా, ఇది మీ దగ్గర ఉండే వస్తువేనా? దీని జత ఎక్కడుందో తెలిస్తే చాలు, కట్టిందెవరో నేను చెప్తాను."

పిల్ల మాట్లాడటానికి నోరు తెరిచింది.

ఇద్దరు పట్టుకుంటే తప్ప లేవలేని నాన్న ఒక్క ఉదుటున మంచం దిగాడు. టీ ఒలికింది. "లోపలికి పో!" అని అరిచాడు. ఆమె మీద ఆయన గొంతు లేవడం అదే మొదలు. ఉన్న ఒక్క చేత్తో తలుపు నెట్టేశాడు.

మూసుకుంటున్న తలుపు సందులోంచి, లాయరమ్మ వేళ్ల మధ్య వేలాడుతూ, దారాలు ఊడకుండా అమ్మ అగ్గిపుల్లతో చివర కాల్చిన తన రెండో రిబ్బను కనిపించింది పిల్లకు.