మా అత్త మునక

"పాస్టరుగారూ, మెడ కాదు, వీపు పట్టుకోండి. ఎటు వంచాలో నేను చెప్తాగా!"

యాకే ఏట్లో నడుంలోతు నీళ్లలో నిలబడి బాప్తిస్మం తీసుకుంటోంది మా అత్త ఎలుపీనా. బక్కపల్చటి పాస్టరు ఎలిసేయో చొక్కా కాలరు ఆవిడ పిడికిట్లో ఉంది.

"కాలరు వదలమ్మా."

"వదిలితే మునిగిపోనూ?"

"మునగడానికేగా వచ్చావు! బతుకంతా దేవుడి చేతిలో పెట్టేశానని ఇప్పుడేగా సాక్ష్యం చెప్పావు?"

"పెట్టాను. కాకపోతే ఓ కన్నేసి ఉంచుతా." అంటూనే ఒడ్డుకేసి అరిచింది. "ఏమయ్యోయ్ ఫెర్మీన్! అడుగంటుతోంది, కలుపు!"

ఒడ్డున విందుకి సాంకోచో పులుసు కాస్తున్న మా మామ గబగబా గరిటె తిప్పాడు. ఆయనకి దేవుడి మీద నమ్మకం లేదు, అత్త అంటే భయం ఉంది. ఆవిడ చెప్పందే పులుసులో ఉప్పు కూడా వెయ్యడు.

ఆ అరుపు ఊపుకి పాస్టరు కాలు జారింది. ఇద్దరూ బుడుంగున మునిగారు. పాస్టరు దగ్గుతూ లేచాడు. అత్త లేవలేదు.

"అత్తయ్యా!" అంటూ నేను నీళ్లలోకి దూకాను.

కాస్త అవతల తేలింది, వెల్లకిలా, చేతులు బార్లా చాపి. తెల్ల అంగీ బుడగలా ఉబ్బింది.

"అరవకే. దేవుడు మోస్తున్నాడు," అంది మెల్లగా.

ఒడ్డు మీంచి మామ కేకేశాడు. "ఎలుపీనా! ఉప్పు ఎంత వెయ్యను?"

అందరం ఆవిడ నోటికేసి చూశాం.

"నీ ఇష్టమయ్యా."

దేవుణ్ణి నమ్మని మా మామ గరిటెతో సహా మోకాళ్ల మీద పడ్డాడు.